మొక్కులాంటి తీర్మానం

 

మీ వీధిలో ముగ్గులు ఇంకా చెరిగిపోయి ఉండవు. డిసెంబరు 31 రాత్రి ఆడపిల్లలు పోటీపడి వేసిన ముగ్గులు. రంగులు నింపి, నడిమధ్య ‘హేపీ న్యూ ఇయర్’ అని రాసిన ముగ్గులు. శ్రీకాకుళంలో చూసినా అవే, విజయనగరంలో చూసినా అవే. పొద్దున్నే అరసవల్లి గుడిలో బారు, రామతీర్థం గుడిలో బారు. మధ్యాహ్నానికి ఆ సందడి కాస్త సద్దుమణుగుతుంది. భోజనాలయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు. “ఏటి బావూ, ఈ యేడు ఏటనుకున్నావు?”

అనుకోవడానికేం, చాలానే అనుకుంటాం. పొద్దున్నే లేచి నడుస్తాను. సిగరెట్లు మానేస్తాను. ఫోను పక్కన పడేసి డీఎస్సీకి చదువుతాను. చీటీ డబ్బులు ఈసారి ఖర్చు పెట్టను. తీపి ముట్టను.

ఈ తీపి ముట్టను అనేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. జనవరి 1న ఒట్టు పెట్టుకుంటారు. రెండు వారాల్లో సంకురాత్రి. చెన్నై నుంచి తమ్ముడు దిగుతాడు. హైదరాబాదు నుంచి మేనల్లుడు దిగుతాడు. పక్కింటి నుంచి ఒక పళ్ళెం అరిసెలు వస్తాయి. ఎదురింటి నుంచి ఇంకో పళ్ళెం వస్తుంది. “నాను తీపి మానీసినాను” అంటే ఊరుకుంటారా? “పండక్కి కూడానా!” అని నోట్లో పెట్టేస్తారు. భోగినాటికి సగం తీర్మానాలు పోతాయి. కనుమకి మిగతా సగం పోతాయి. ఆ తర్వాత మళ్ళీ డిసెంబరు దాకా ఎవరూ వాటి ఊసెత్తరు.

ఇందులో తప్పు అరిసెలది కాదు. మన మనసు గట్టిది కాకపోవడమూ కాదు. తీర్మానం కట్టుకున్న తీరులోనే ఉంది తప్పు. ఇవాళ దాని గురించే మీతో మాట్లాడదామని వచ్చాను.

ఒక్క మాట అడుగుతాను. మనం మాట నిలుపుకోలేని మనుషులమా?

కాదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి. అక్కడి నుంచి కోట దాకా ఎటు చూసినా మనుషుల తలలే. సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని వస్తుంటే కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతారు. ఆ జనంలో మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎంతమందో! చీపురుపల్లి నుంచి వస్తారు, పలాస నుంచి వస్తారు, ఒడిశా వైపు నుంచీ వస్తారు. సెలవు దొరక్కపోతే జీతం కోయించుకుని వస్తారు. వాళ్ళకి ఎవరూ ఫోను చేసి గుర్తు చెయ్యలేదు. ఎవరూ జరిమానా వెయ్యరు. అయినా వస్తారు.

మా మేనత్త సంగతి చెప్తాను. చిన్న కొడుక్కి జ్వరం వచ్చి తగ్గకపోతే అమ్మవారికి మొక్కుకుంది. ఈ గుంటడు లేచి తిరిగితే ఘటం మోసుకొస్తాను తల్లీ అని. పిల్లవాడు లేచాడు. ఈలోగా కూలి పనులకని కుటుంబం మొత్తం హైదరాబాదు వెళ్ళిపోయింది. ఒక ఏడు రాలేకపోయింది. ఆ తర్వాతి ఏడూ రాలేకపోయింది. కానీ ఏటా దసరా రాగానే ఆవిడ నోట ఒకటే మాట. “అమ్మోరికి బాకీ ఉండిపోనాను.” ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికి ఆ గుంటడు తల్లికంటే పొడుగయ్యాడు. ఘటం మోసింది, బాకీ తీర్చింది, వెళ్ళింది.

ఇదే మేనత్తకి మోకాళ్ళ నొప్పులు. రోజూ నడవమ్మా అని డాక్టరు చెప్పారు. సరే, కొత్త సంవత్సరం నుంచి నడుస్తాను అంది. ఒక్క ఏడాది కూడా వారం దాటి నడవలేదు.

చూశారా? మనిషి ఒకరే. ఒక మాట ఏళ్ళ తరబడి నిలిచింది. ఇంకో మాట వారం నిలవలేదు. ఎందుకని? దేవుడంటే భయం అని మీరనవచ్చు. కొంత నిజమే. కానీ భయం ఒక్కటే అయితే చాలామంది చాలా పనులు మానేసేవాళ్ళు కదా!

నాకు తోచింది ఇది. మొక్కులో ఏం ఇవ్వాలో తేలిపోయి ఉంటుంది. ఘటం అంటే ఘటం, తలనీలాలు అంటే తలనీలాలు. “తల్లీ, నేను ఇకమీద మంచిగా ఉంటాను” అని ఎవరూ మొక్కుకోరు. అది మొక్కు కాదు. అలాగే, ఎప్పుడు ఇవ్వాలో తేలి ఉంటుంది. సిరిమాను రోజున, లేదా రథసప్తమికి, లేదా శంబర పోలమాంబ జాతరకి. ఇంకోటి, ఎవరో ఒకరి ముందు అని ఉంటాం. అమ్మవారు విందనే నమ్మకం సరే, ఇంట్లో అత్త వింది, పక్కింటి ఆవిడ వింది. “ఏమ్మా, మొక్కు తీరినాదా?” అని అడిగేవాళ్ళు ఉంటారు.

ఏం ఇస్తాను, ఎప్పుడు ఇస్తాను, ఎవరి ముందు అన్నాను. ఈ మూడు మాటలూ గుర్తుంచుకోండి. మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు మన తీర్మానాలు చూడండి. ఆరోగ్యంగా ఉంటాను. బాగా చదువుతాను. పొదుపు చేస్తాను. ఇందులో ఏం ఇస్తున్నాం? ఎప్పుడు ఇస్తున్నాం? ఎవరు విన్నారు? ఏమీ లేదు. గాలిలోకి అన్న మాట గాలిలోనే పోతుంది.

పీటర్ గోల్విట్జర్ అని ఒక జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. చాలా ఏళ్ళు ఈ విషయం మీదే పనిచేశారు. ఒక పని చెయ్యాలి అని ఊరికే అనుకున్నవాళ్ళకీ, ఫలానా వేళకి, ఫలానా చోట, ఇది అవగానే అది చేస్తాను అని అనుకున్నవాళ్ళకీ చాలా తేడా ఉందని ఆయన చూపించారు. రెండో రకం వాళ్ళే ఎక్కువగా పని పూర్తి చేశారు. మా మేనత్తకి గోల్విట్జర్ తెలీదు. కానీ ఆవిడ నడక ఎలా మొదలైందో చెప్తే ఆయన తలూపేవారు. ఆవిడ కోడలు ఒకరోజు, “అత్తా, రేపటి నుంచి పాల పేకెట్టు నువ్వు తేవాలి” అంది. పాల బూత్ రెండు వీధులవతల ఉంది. ఆరు గంటలకి వెళ్ళకపోతే ఇంట్లో ఎవరికీ టీ ఉండదు. అంతే! నడవాలి అన్నంత కాలం నడవని మనిషి, పాలు తేవాలి అనేసరికి నడిచింది.

మొక్కుకీ తీర్మానానికీ ఒక పెద్ద తేడా ఉంది, అది దాచకూడదు. మొక్కులో అమ్మవారు ముందు ఇస్తుంది, మనం తర్వాత తీరుస్తాం. తీర్మానంలో మనమే ముందు ఇచ్చుకోవాలి. ఫలితం ఎప్పుడో వస్తుంది. వస్తుందో రాదో కూడా తెలీదు. అందుకే ఇది మొక్కుకంటే కష్టం. కష్టం కాబట్టే ఇంకా గట్టిగా కట్టుకోవాలి.

ఏం ఇస్తాను అన్నది తేల్చుకోవడం ఎలాగో మన ఆటగాళ్ళని చూస్తే తెలుస్తుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఆ ఊరి అమ్మాయి కరణం మల్లీశ్వరి. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు విసుగు రాదు.

బరువులెత్తే ఆటలో ఒక గమ్మత్తు ఉంది. అక్కడ ‘బలంగా తయారవుతాను’ అనే మాటకి విలువ లేదు. నిన్న ఎంత ఎత్తావు, ఇవాళ ఎంత ఎత్తుతావు, అంతే. ఆ రోజుల్లో పోటీల్లో బరువు పెంచాలంటే రెండున్నర కిలోల చొప్పున పెంచేవారు. రెండున్నర కిలోలంటే ఎంత? ఒక చిన్న బియ్యం సంచి. కానీ ఆ రెండున్నర కోసం నెలల తరబడి రోజూ పొద్దున్నా సాయంత్రం సాధన. ఆశయం ఒలింపిక్స్ కావచ్చు. చేతికి అందే పని మాత్రం రెండున్నర కిలోలే.

సిడ్నీలో ఆవిడ మొత్తం 240 కిలోలు ఎత్తారు. చివరి ప్రయత్నంలో ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచి 137.5 కిలోలకి వెళ్ళారు. అది లేస్తే బంగారు పతకమే. లేవలేదు. కాంస్యం దక్కింది. అంత పెంచకుండా ఉండాల్సిందని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. నేను ఆ వాదనలోకి పోను. బంగారం అంత దగ్గరలో ఉంటే ఆగమని ఎవరు చెప్పగలరు? ఒక్కటి మాత్రం అంటాను. అలాంటి దూకుడు ఒలింపిక్స్ ఆఖరి ప్రయత్నానికి తగింది. జనవరి 1న మొదటిసారి పార్కుకి వెళ్ళినవాడికి తగింది కాదు. మొదటి రోజే ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, రెండో రోజు మంచం మీద ఉండేవాళ్ళు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అని ఒక ఊరుంది. వీలైతే ఆ ఊరు ఒకసారి వెళ్ళి చూడండి. పల్లెటూరే. కానీ అక్కడ బరువులెత్తడం ఇంటింటి విద్య అయిపోయింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. ఒకే ఊరి నుంచి అంతమంది క్రీడాకారులు ఎలా వస్తున్నారు? నాకు కనిపించే జవాబు ఒకటే. అక్కడ ఆడుకునే పిల్లని చూసేవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఇవాళ సాధనకి రాకపోతే రేపు అడిగేవాళ్ళు ఉన్నారు. ఎవరి ముందు అన్నాను అనే మాట అక్కడ ఊరు మొత్తానికి వర్తిస్తుంది.

ఈ ‘ఎవరి ముందు’ అన్నదాని గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే చాలామంది తీర్మానాన్ని రహస్యంగా దాచుకుంటారు. తప్పితే నవ్వుతారని భయం.

అలా దాచుకోకపోతే ఏమవుతుందో చూడండి. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారు మన ప్రాంతం వారు కారు. 1922లో కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. కానీ ఆయన గొంతు తయారైంది విజయనగరంలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పోయేముందు కొడుకుని సంగీతం నేర్చుకోమన్నారు. ఆ మాట పట్టుకుని, వేలికున్న ఉంగరం అమ్మి ఆ పిల్లవాడు విజయనగరం చేరాడు. తీరా వస్తే వేసవి సెలవులు. మహారాజా సంగీత కళాశాల తలుపులు మూసి ఉన్నాయి. 1919లో పుట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల వచ్చిన రోజుల్లో ద్వారం వెంకటస్వామినాయుడు గారి వంటి మహానుభావులు అక్కడ ఉన్నారు.

ఊరు కొత్త. డబ్బు లేదు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం చేసుకుని తిన్నారు. విజయనగరం తల్లులు అన్నం పెట్టారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు, సాలూరు చినగురువుగారని అంటాం, ఆయన చేరదీసి సంగీతం చెప్పారు. పైసా తీసుకోలేదు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ పిల్లవాడి తీర్మానం ఒంటరిగా లేదు. తండ్రి విన్నాడు. ఆ తర్వాత గురువు విన్నాడు. జోలెలో అన్నం వేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు, ఈ అబ్బాయి ఎందుకు వచ్చాడో. పాఠానికి వెళ్ళని రోజున ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడతాడు? తీర్మానానికి సాక్షి ఉంటే అది ఇలా పనిచేస్తుంది. తిట్టక్కర్లేదు. అడగక్కర్లేదు. తెలిస్తే చాలు.

ఏం ఇస్తాను, ఎప్పుడు ఇస్తాను, ఎవరి ముందు అన్నాను. గుర్తుంది కదా?

ఇప్పుడు ఇవాళ్టి ప్రసంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తున్నాను. గిడుగు వెంకట రామమూర్తి గారు. ఆగస్టు 29, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. దండ వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. వాడుక భాష కోసం పోరాడినవారని చెప్పుకుంటాం. అది అందరికీ తెలిసిందే. నేను చెప్పబోయేది ఇంకో కథ.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారూ ఆయనా సహాధ్యాయులు. తర్వాత పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగం. మన పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఇప్పుడు ఒడిశాలో ఉంది. చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. ఇవాళ మన సీతంపేట, భామిని వైపు కనిపించే సవరల బంధువులే వాళ్ళంతా. సంతకి వచ్చేవారు, అమ్ముకునేవారు, కొనుక్కునేవారు, వెళ్ళిపోయేవారు. వాళ్ళ మాట దాదాపు ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆ మాటకి లిపి లేదు, పుస్తకం లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు.

ఈ పంతులుగారికి తోచింది. నేను సవర నేర్చుకుంటాను, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పిస్తాను అని.

మనమైతే ఏం చేస్తాం? మంచి ఆలోచనే, తీరిక చిక్కినప్పుడు చూద్దాం అంటాం. ఆయన ఏం చేశారంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. ఎంత తెలివైన పనో చూడండి! గురువు ఇంట్లోనే ఉంటే పాఠం తప్పించుకోవడం ఎలా? పొద్దున్న లేస్తే ఆ మనిషి కనిపిస్తాడు. సాయంత్రం బడి నుంచి వస్తే ఆ మనిషి కనిపిస్తాడు. దీన్ని ఏమంటారు, నీళ్ళని ఏమంటారు, నువ్వు రా అని ఎలా అంటారు. రోజూ అదే పని. ఎప్పుడు అన్న ప్రశ్నా, ఎవరి ముందు అన్న ప్రశ్నా ఒక్క దెబ్బతో తీరిపోయాయి.

కొండల్లోకీ వెళ్ళారు. అక్కడ మలేరియా. మలేరియాకి క్వినైన్ వాడారు. వాడగా వాడగా చెవులు దెబ్బతిన్నాయి. ఒక్కసారి ఆలోచించండి. పుస్తకం లేని భాషని చెవితో విని పట్టుకోవాలని బయలుదేరిన మనిషి. ఆయనకి చెవుడు వచ్చింది. ఇంకెవరైనా అయితే ఇది దేవుడు చూపించిన దారి, ఇక మానేద్దాం అనుకునేవారు. తప్పు పట్టేవాళ్ళు కూడా లేరు. ఆయన మానలేదు.

సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. పాటలూ కథలూ పోగుచేశారు. సొంత డబ్బు పెట్టి బడులు నడిపించారు. ప్రభుత్వం మెచ్చుకుని డబ్బు బహుమానం ఇవ్వబోతే, నాకొద్దు, దాంతో సవరలకి ఒక బడి పెట్టండి అన్నారు. సవర భాష గురించి ఇంగ్లీషులో ఆయన రాసిన పెద్ద వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు డెబ్భైకి దగ్గర పడుతోంది. అనుకున్నది యౌవనంలో. పుస్తకం చేతికి వచ్చింది ముసలితనంలో. మధ్యలో మూడు దశాబ్దాలకి పైగా గడిచాయి. ఆ తర్వాత నిఘంటువులు కూడా తెచ్చారు.

ఇంకో సంగతి. వాడుక భాష ఉద్యమం ఉంది కదా, మనం దండలు వేసేది దాని కోసమే కదా, అది ఆయన మొదలుపెట్టింది నలభై దాటాక. 1906 ప్రాంతంలో యేట్స్ అని బడుల ఇన్‌స్పెక్టరు ఒకరు వచ్చి, తెలుగు చెప్పడంలో ఈ గందరగోళం ఏమిటని అడిగారట. అక్కడి నుంచి రెండో పని నెత్తికెత్తుకున్నారు. మొదటిది వదల్లేదు. కాబట్టి నాకు వయసైపోయింది, ఇప్పుడు కొత్తగా ఏం తీర్మానాలు అనుకునే పెద్దలు ఎవరైనా వింటుంటే, ఈ మాట మీ కోసమే.

ఆయన సహాధ్యాయి గురజాడ గారిది ఇంకో రకం పట్టుదల. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. పేరొచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా నాటకాన్ని మళ్ళీ విప్పి, పెంచి, తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. కొత్త ఏడాదికి కొత్త లక్ష్యమే ఉండాలని ఎక్కడా లేదు. పాతదాన్నే బాగుచేయడం కూడా లక్ష్యమే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఎన్నాళ్ళు పట్టి చేస్తే అలవాటవుతుంది? ఇరవై ఒక్క రోజులని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. నమ్మకండి. లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూస్తే సగటున 66 రోజులు పట్టిందని తేలింది. కొందరికి మూడు వారాల్లోపే అయిపోయింది. కొందరికి ఎనిమిది నెలలు పట్టేలా ఉంది. జనవరి 1 నుంచి 66 రోజులంటే మార్చి మొదటి వారం. అంటే భోగికి పోయిందని ఏడవక్కర్లేదు, కనుమకి నిలిచిందని పొంగిపోనక్కర్లేదు. ఉగాది దగ్గర పడేదాకా ఎవరిది నిలిచిందో ఎవరిది పోయిందో చెప్పలేం. ఆ పరీక్షలోనే ఇంకో మాట తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు.

ఇది నాకు చాలా ముఖ్యమైన మాటగా తోస్తుంది. మా మేనత్త మొక్కు గుర్తు తెచ్చుకోండి. ఏళ్ళు తప్పింది. తప్పింది కాబట్టి రద్దయింది అని ఆవిడ అనుకోలేదు. బాకీ ఉన్నాను అనుకుంది. మన తీర్మానాల్లో లేనిది ఇదే. ఒక్క రోజు తప్పితే, ఇంకేముంది, పోయింది, మళ్ళీ వచ్చే జనవరికి చూద్దాం అంటాం. ఒక్క సిగరెట్టు కాలిస్తే పెట్టె మొత్తం కాల్చేస్తాం. ఇదెక్కడి లెక్క? బాకీ ఒక వాయిదా తప్పితే అప్పు మాఫీ అయిపోతుందా? షావుకారు ఒప్పుకుంటాడా?

అయితే అన్నీ మన చేతిలో ఉంటాయని నేను అనను. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామందికి సంవత్సరం ఎలా గడుస్తుందన్నది వాళ్ళ తీర్మానం మీద లేదు. వానల మీద ఉంది. మేస్త్రీ మీద ఉంది. చేపల వేటకి వలసపోయినవాళ్ళకైతే గుజరాత్ తీరంలోని వేరావల్‌లో బోటు యజమాని మీద ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం కొబ్బరినీ జీడితోటల్నీ నేలకూల్చింది. అక్కడి రైతుకి పట్టుదల మీద పాఠం చెప్పే అర్హత ఎవరికుంది? కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అది తెలిసీ మళ్ళీ గొయ్యి తవ్వి మొక్క పెట్టారు. కాబట్టి జీతం పెరగాలి, ధర రావాలి, ఉద్యోగం రావాలి అనేవి కోరికలు. కోరుకోవడంలో తప్పు లేదు. తీర్మానం మాత్రం మన చేతులతో చెయ్యగలిగిన పని మీదే పెట్టుకోవాలి. ఉద్యోగం వస్తుందో రాదో నీ చేతిలో లేదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక గంట పాత ప్రశ్నపత్రం ముందేసుకోవడం నీ చేతిలో ఉంది.

మరి ఇప్పుడు ఏం చేద్దాం? మీ ఇంట్లోనే, ఇవాళే.

తాగుడు మానాలనుకున్న అన్నయ్య ఒకరు వింటున్నారనుకోండి. అన్నయ్యా, ‘ఈ యేడు తాగను’ అనొద్దు. అది చాలా పెద్ద మాట. సాయంత్రం పని దిగాక నేరుగా ఇంటికి వస్తాను అనండి. ఏ దారిలో దుకాణం ఉందో మీకు తెలుసు. ఆ దారి కాకుండా ఇంకో దారిలో వస్తాను అనండి. వదినతో కాదు, చిన్న కూతురితో చెప్పండి. రోజూ తాగే అలవాటు ముదిరి చేతులు వణికే స్థితి ఉంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది తీర్మానంతో తేలే పని కాదు.

డిగ్రీ చదివే చెల్లి ఒకరు వింటున్నారనుకోండి. ‘ఇంగ్లీషు నేర్చుకుంటాను’ అనొద్దమ్మా. గిడుగు వారు సవర నేర్చుకున్నట్టు రోజూ మాట్లాడే మనిషిని ఒకరిని పట్టుకో. హాస్టల్లో ఒక స్నేహితురాలు చాలు. రాత్రి భోజనం బారులో నిలబడ్డంతసేపూ ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోండి. తప్పులు రావాలి. వస్తేనే నేర్చుకున్నట్టు.

పెద్దవాళ్ళు ఎవరైనా వింటుంటే, మీకు నా విన్నపం వేరు. ఈ ఏడు మీరు సాక్షి కండి. మీ మనవడు ఏం అనుకున్నాడో అడిగి వినండి. తప్పితే వేళాకోళం చెయ్యకండి. వారానికోసారి “ఏటి బావూ, ఎంత వరకూ వచ్చినాదీ?” అని అడగండి. మరేమీ చెప్పక్కర్లేదు.

ఒక్కటే పెట్టుకోండి. పది వద్దు. అమ్మవారికి కూడా ఒకేసారి పది మొక్కులు ఎవరూ మొక్కరు. కొత్తది పెట్టుకునే ముందు పోయిన సంవత్సరం మధ్యలో వదిలేసింది ఏదైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ బాకీయే తీర్చండి.

ఒక తేదీ కూడా ఇస్తాను. జనవరి 22. గిడుగు రామమూర్తి గారు 1940లో ఆ రోజున కన్నుమూశారు. సంకురాత్రి చుట్టాలు అప్పటికి రైళ్ళెక్కి వెళ్ళిపోయి ఉంటారు. అరిసెల డబ్బా అడుగంటి ఉంటుంది. ఆ రోజు సాయంత్రం మీ సాక్షితో కూర్చుని లెక్క చూసుకోండి. ఎన్ని రోజులు చేశారో, ఎన్ని రోజులు తప్పారో ఉన్నదున్నట్టు చెప్పండి. తప్పినవే ఎక్కువైతే, పని ఇంకా చిన్నది చేసుకుని 23 పొద్దున్న నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.